కాలీ అంటే మేనమామట

సౌదీలో మేముండే ఖమీస్ ముషైత్‌ని మా తెలుగు నర్సులందరం కమీస్ అనే అంటాం. ఖలాస్‌ని కలాస్ అంటాం. అరబ్బులు గొంతు గీరుకుంటూ పలికే ఆ 'ఖ' మా గోదావరి జిల్లా నోళ్ళకి ఎన్నేళ్ళున్నా పట్టుబడదు. ఇక్కడివాళ్ళు మాత్రం ఏం చేస్తారు, సర్దుకుపోయారు. ఇండియావాళ్ళ నోట 'క' వినబడితే వాళ్ళే 'ఖ' అని దిద్దుకుని వింటారు. ఆ దిద్దుబాటు ఒకసారి నా కొంప ముంచినంత పని చేసింది.

నేను పనిచేసేది ఆ ఊళ్ళో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో, ఆడవాళ్ళ వార్డులో. మా మీద ఒక నర్సింగ్ సూపర్‌వైజరు ఉండేవాడు. ఆయనా ఇండియావాడే, ఉత్తరాది మనిషి. ఎర్రగా బుర్రగా ఉంటాడు. ఆ రంగేదో తను కష్టపడి సంపాదించినట్టు నడుస్తాడు. నేను చేరిన కొత్తలోనే నన్ను 'కాలీ' అన్నాడు. హిందీలో ఆ మాటకి నల్లది అని అర్థం.

నేను నల్లగానే ఉంటాను. పెళ్ళి సంబంధాలప్పుడు మావాళ్ళు చామనఛాయ అని చెప్పుకున్నారు గానీ, చామనఛాయకీ నాకూ చుట్టరికం కూడా లేదు. 'నలుపు నారాయణుడు మెచ్చు' అని మా అమ్మమ్మ బుగ్గ గిల్లేది. ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్ళే ముసలామెకి నారాయణుడి మెప్పుతో ఏం పనో నేనెప్పుడూ అడగలేదు. ఇంటి దగ్గర నల్లపిల్ల అని పిలిపించుకునే పెరిగాను. అందుకని ఈయన అన్నప్పుడు మొదట్లో పెద్దగా పట్టించుకోలేదు. కొత్త చోట ఎవరేమన్నా నవ్వేస్తాం కదా, అలాగే నవ్వేశాను.

ఆయన అంటే క్లీనర్లు అన్నారు. క్లీనర్లు అంటే ఫార్మసీవాళ్ళు అన్నారు. కొండల మీది పల్లె నుంచి వచ్చి మా వార్డులో చాలాకాలం ఉన్న ఒక ముసలమ్మ అదే నా పేరనుకుంది. 'యా కాలీ, తఆలీ యా బింతీ' అని పిలిచేది. రా తల్లీ అని. దుప్పటి కింద దాచిన ఖర్జూరాలు నా జేబులో కుక్కేది. ఆ పిలుపుకి అర్థమేమిటో ఆవిడకి చెబుదామనుకుని, ఆ ముఖం చూసి, ఊరుకున్నాను.

ఒక పొద్దున్న డ్యూటీలు పంచుతున్నారు. సింగిల్ రూములోకి ఎవరో పెద్దింటి కోడలు ఆపరేషన్ అయి వచ్చింది. వరుస ప్రకారం ఆ గది నాది. నేను ఇంజెక్షన్ల ట్రే పట్టుకుని బయల్దేరాను. వెనక నుంచి సూపర్‌వైజరు హిందీలో అందరికీ వినబడేలా అన్నాడు: "కాలీకో మత్ భేజో. మరీజ్ డర్ జాయేగా." నల్లదాన్ని పంపకండి, పేషెంటు జడుసుకుంటుంది అని. కౌంటరు దగ్గరున్న వాళ్ళంతా నవ్వారు. చేతిలో ట్రే ఉండబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఆ చెయ్యి ఏం చేసి ఉండేదో నాకే తెలియదు.

నేను వెనక్కి తిరిగి ఒకే మాట అన్నాను, నన్ను అలా పిలవొద్దని. అంతే, మర్నాటి నుంచి నాకు పేషెంట్లు లేరు. స్టోరు గదిలో దుప్పట్లూ గ్లవ్స్ పెట్టెలూ సర్దే పని ఇచ్చారు. నర్సింగ్ ఆఫీసుకి వెళ్ళి చెప్పుకుంటే 'అడ్జస్ట్ అవ్వు సిస్టర్' అన్నారు. అడ్జస్ట్ అవ్వడానికి నేనేమైనా మంచం తలగడనా? కార్మిక శాఖ వాళ్ళ యాప్ తెరిచి ఫోన్లోనే ఫిర్యాదు పెట్టేశాను. పెట్టడం చాలా తేలిక. పెట్టిన క్షణం నుంచి అన్నం లోపలికి దిగడం మానేసింది.

భయం అంటే ఇలాగుంటుందని నాకు అంతకుముందు తెలియదు. ఫోన్ మోగితే భయం, మోగకపోతే భయం. కంపెనీ మీద కేసు పెడితే పారిపోయిందని రాసి హురూబ్ వేసేస్తారని ఒకరు, ఇక్కడ ఉండనిచ్చే కార్డు, ఇఖామా, రెన్యువల్ చెయ్యరని ఒకరు, విమానం ఎక్కించేస్తారని ఒకరు చెప్పారు. చెప్పినవాళ్ళలో ఎవరికీ ఏమీ తెలియదు. అయినా అన్నీ నమ్మాను. ఉన్న ఇఖామా ఇంకా నడుస్తోందో లేదో అని పూటపూటా యాప్ తెరిచి చూసుకునేదాన్ని.

ఆసుపత్రి తరఫున మాట్లాడేది ముదీర్, అంటే మేనేజరు. సౌదీ ఆయనే, సముద్రం వైపు తిహామా మనిషి. నాకంటే రెండాకులు ఎక్కువ నలుపు. కాళ్ళదాకా ఉండే గంజిపెట్టిన తెల్లటి తోబు వేసుకుని, చక్కటి ఇంగ్లీషు మాట్లాడతాడు. ఆయన నన్ను పిలిచి కూర్చోమని టీ తెప్పించాడు. కేసు వదులుకుంటున్నట్టు తనాజుల్ ఇచ్చేస్తే, పక్క ఊరు అభాలో ఉన్న తమ చిన్న క్లినిక్కి మారుస్తామన్నాడు. ఇస్తాను సార్, ఆ సూపర్‌వైజరు నన్ను అన్నది తప్పని వార్డులో అందరి ముందూ ఒప్పుకుని, నన్ను మళ్ళీ పేషెంట్ల దగ్గరికి పంపితే ఇస్తాను అన్నాను. ఆయన టీ కప్పు కింద పెట్టి, సుల్హ్‌లో చూద్దాం అన్నాడు. సుల్హ్ అంటే రాజీ. కోర్టుకి వెళ్ళేముందు రెండు పక్షాలనీ కూర్చోబెట్టి అధికారి ఒకాయన మాట్లాడతాడు.

నాకు కావలసింది ఆ ఒప్పుకోలు, నా పేషెంట్లు, అంతే. ఇంటికి వెళ్ళిపోవడం నాకు శిక్ష కాదు. నిందలేసిన అబద్ధాలకోరు అనిపించుకుని వెళ్ళడమే శిక్ష. అభాకి వెళ్ళినా అదే పేరు నాకంటే ముందు బస్సెక్కి వెళుతుంది.

మొదటి సుల్హ్ ఫోన్ తెర మీద జరిగింది. ఒక గడిలో అధికారి, ఒక గడిలో ముదీర్, ఆయన భుజం పక్కన సూపర్‌వైజరు, మూడో గడిలో బిక్కచచ్చిన నా మొహం. నాకొచ్చిన అరబ్బీ అంతా వార్డు అరబ్బీ. ఎక్కడ నొప్పి, చెయ్యి చాపు, ఊపిరి పీల్చు, భయపడకు. మనిషి మీద ఫిర్యాదు చెప్పడానికి పనికొచ్చే మాట ఒక్కటీ అందులో లేదు. అయినా కూడబలుక్కుని, ఈ మనిషి నన్ను కాలీ అని పిలుస్తాడు అన్నాను.

అధికారి "ఖాలీ?" అన్నాడు.

"అవును, కాలీ" అన్నాను.

ఆయన నన్ను కాసేపు వింతగా చూసి ముదీర్‌ని ఏదో అడిగాడు. ముదీర్ నవ్వు ఆపుకుంటూ ఇంగ్లీషులో చెప్పాడు. "ఖాలీ అంటే మా భాషలో మా మేనమామ అని అర్థం. నిన్ను మేనమామా అని పిలిస్తే నీకొచ్చిన కష్టమేమిటని అడుగుతున్నారు."

అది కాదు సార్ అనబోయాను. అనేలోపు అధికారి సూపర్‌వైజరునే అడిగాడు, నువ్వు అలా పిలిచేది నిజమేనా అని. ఆ మహానుభావుడు తడుముకోలేదు. వెతకబోయిన తీగ కాలికి తగిలింది ఆయనకి. చేతులు గుండె మీద పెట్టుకుని "అయ్వా సార్, ఖాలీ, ఖాలీ. రెస్పెక్ట్ సార్" అన్నాడు. మా వార్డులో ఏనాడూ వినని 'ఖ'ని ఆ రోజు మక్కాలో పుట్టినవాడిలా పలికాడు.

"కాదు సార్! అది హిందీ మాట. నల్లదని అర్థం" అని నేను ఇంగ్లీషులో అరిచాను. అధికారి ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. మీరిద్దరూ హిందీలే కదా, ఇందులో ఉన్సురియ్యా ఎక్కడిది అన్నాడు. జాతినీ రంగునీ బట్టి మనిషిని తక్కువ చేయడాన్ని వాళ్ళు ఉన్సురియ్యా అంటారు. ఇండియావాళ్ళందరినీ హిందీ అంటారు. ఆయనకి మేమిద్దరం ఒక గంపలో కూరగాయలం. వంకాయని చూసి ముల్లంగి నవ్వుతుందని ఆయనకి ఎలా చెప్పను? చివరికి, వచ్చేసారి ఇద్దరూ అభాలోని ఆఫీసుకి స్వయంగా రండి, ఆ మాట విన్నవాళ్ళెవరైనా ఉంటే తీసుకురా అన్నాడు. ఎవరూ లేకపోతే ఫిర్యాదు నిలవదని ముదీర్ తర్జుమా చేశాడు. అప్పుడు నీ కాంట్రాక్టు గురించి మేం కూడా ఆలోచించుకోవాలి అని తన మాటగా కలిపాడు.

నా గదిలో ఉండే అక్కది గుంటూరు వైపు. ఆ ట్రే పట్టుకున్న పొద్దున్న నా పక్కనే నిలబడి ఉంది. నవ్వనిది తనొక్కతే. హాస్టల్లో ఆమె పప్పు తాలింపు పెడుతుంటే అడిగాను.

"అక్కా, నువ్వొచ్చి విన్నానని ఒక్క ముక్క చెప్తే చాలు. ఇంకేం అడగను."

"ఏందే నువ్వు, నన్ను గూడా మునగమంటావా? నా రెన్యువల్ మీద సంతకం పెట్టాల్సింది ఆయనేగా."

"నువ్వు నా పక్కనే ఉన్నావు కదా, అలాగంటావేంటి?"

"ఉన్నా. ఇన్నా. కాదన్నానా? కానీ రాలేను. అభాకి పంపుతామన్నారుగా, పోరాదూ! నోరు మూసుకోని పోయినోళ్ళందరూ తెలివితక్కువోళ్ళు కాదమ్మా."

"తెలివైనోళ్ళని ఎవరూ కాలీ అనరు కాబోలు" అన్నాను. అక్క గరిటె పక్కన పెట్టి పొయ్యి కట్టేసింది. ఆ రోజు ఇద్దరం మాట్లాడుకోలేదు. నా కంచం మీద మాత్రం మూత పెట్టి ఉంచింది. ఆమె మీద కోపం తెచ్చుకుందామని చాలా ప్రయత్నించాను. వచ్చిన కోపం నిలబడలేదు. ముందు నుయ్యి వెనక గొయ్యి నాకొక్కదానికే కాదు కదా.

ఈలోగా మా సూపర్‌వైజరుకి పండగే. ఆయన ఇప్పుడు నన్ను దర్జాగా, కొత్త ఉచ్చారణతో, "ఖాలీ! ఓ ఖాలీ!" అని పిలవడం మొదలుపెట్టాడు. స్టోరు ముందు నుంచి పోతూ కావాలని ఆగి పిలిచేవాడు. గవర్నమెంటే లైసెన్సు ఇచ్చేసిందాయనకి. అడిగితే మేనమామ! పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం అని చదువుకున్నప్పుడు పిల్లి మొహం ఎలా ఉంటుందో ఎవరూ చెప్పలేదు. నేను చూశాను. తలుపు వేసుకుని దుప్పట్ల మీద తల పెట్టి ఏడ్చాను. ఏడ్చి, మళ్ళీ మడతలు సరిచేశాను, ముడతలు పడితే అదో కంప్లయింటు అవుతుందని.

రెండో సుల్హ్ రోజు అభా రోడ్డంతా మంచు కమ్మి ఉంది. టాక్సీవాడు లైట్లు వేసుకుని నెమ్మదిగా నడుపుతున్నాడు. ఆలస్యమైతే రాలేదని ఫైలు మూసేస్తారేమోనని నేను సీటు అంచున కూర్చుని ముందు అద్దాన్నే చూస్తున్నాను. కీర్తనలు చదువుకుందామంటే మొదటి వాక్యం దాటి ఒక్కటీ గుర్తురాలేదు. వాంతి వస్తుందేమోనని చేతిసంచీలో కవరు పెట్టుకున్నాను, మా పేషెంట్లకి ఇచ్చే కవరే.

సమయానికే చేరాను. గదిలో ఒక పొడుగు బల్ల. ఆ చివర అధికారి. నాకెదురుగా ముదీర్, సూపర్‌వైజరు. విన్నవాళ్ళెవరైనా వచ్చారా అని అధికారి అడిగాడు. ఎవరూ రాలేదన్నాను. సూపర్‌వైజరు కుర్చీలో కొంచెం వెనక్కి వాలాడు. ముదీర్ మర్యాదగానే మళ్ళీ మొదలుపెట్టాడు, తనాజుల్ ఇచ్చేయ్, అభాకి వెళ్ళు, ఎవరి దారిన వాళ్ళుందాం అని. ఊ అనేద్దామనిపించింది. నిజంగా అనిపించింది. ఇంత భయం మోయడం నావల్ల కాదనిపించింది. ఊ అనడానికి తలెత్తితే ఎదురుగా ముదీర్ ముఖం కనబడింది. తెల్లటి తోబు మీద నల్లటి, నున్నటి ముఖం.

"సార్, నేను ఆడదాన్ని" అన్నాను.

ముగ్గురూ నా వైపు చూశారు.

"నేను మేనమామని ఎలా అవుతాను సార్? ఆ మాట మగవాళ్ళకే కదా సరిపోయేది. గౌరవం కోసమే అంటే, ముందు మిమ్మల్ని అనాలి. మీరు ఆయనకి పైవారు. నన్ను వార్డులో ఏ మాట అంటాడో అదే మాట, అదే గొంతుతో, మిమ్మల్ని ఒక్కసారి అనమనండి."

ఇంగ్లీషు ఎక్కడ సరిగ్గా వచ్చిందో ఎక్కడ తప్పిందో తెలియదు. ముదీర్ దాన్ని అరబ్బీలో అధికారికి చెప్పాడు. ఆయన గడ్డం నిమురుకుని, న్యాయమే, అనమను అన్నాడు. ముదీర్‌కి అదంతా వేడుకగానే ఉంది. నవ్వుతూ సూపర్‌వైజరు వైపు తిరిగి చెయ్యి చాపాడు, అను అన్నట్టు.

"సార్, మీకెలా అంటాను సార్..." అన్నాడు సూపర్‌వైజరు హిందీలో.

ఇండియావాళ్ళతో ఏళ్ళ తరబడి పనిచేసినవాడు కాబట్టి ముదీర్‌కి ఆ మాత్రం హిందీ వచ్చు. "ఎందుకు అనవు? మామయ్యేగా?"

"నహీ సార్, వో తో మజాక్... జోక్ సార్, జోక్."

"జోకా? పోయినసారి రెస్పెక్ట్ అన్నావు."

సూపర్‌వైజరు ఎర్రటి మొహం మరింత ఎర్రబడింది. ముదీర్ చూపు బల్ల మీదున్న తన చేతి మీదికి దిగి, అక్కడే కాస్త ఆగింది. తలెత్తేసరికి నవ్వు లేదు. నన్ను నెమ్మదిగా అడిగాడు, ఆ మాటకి అసలు అర్థం ఏమిటని. ఇంగ్లీషులో ఎప్పుడో చెప్పాను. ఇప్పుడు అధికారికి తర్జుమా లేకుండా అందాలి. నా వార్డు అరబ్బీలోనే చెప్పాను. "అనా సౌదా. మాఫీ ముష్కిల్. లాకిన్ ఇస్మీ మూ సౌదా." నేను నల్లగా ఉంటాను, అందుకు బాధ లేదు, కానీ నల్లది అనేది నా పేరు కాదు.

నన్ను నేనే అలా అనుకోవాల్సి వచ్చినందుకు కళ్ళనీళ్ళు తిరిగాయి. సిగ్గుపడలేదు. తుడుచుకోను కూడా లేదు.

ఆ తర్వాత చాలాసేపు వాళ్ళు అరబ్బీలోనే మాట్లాడుకున్నారు. ఎక్కువగా మాట్లాడింది ముదీరే. చివరికి అధికారి కంప్యూటరులో రాజీ షరతులు కొట్టించి, ముదీర్ చేత నాకు ఇంగ్లీషులో చెప్పించాడు. వార్డులో అందరి ముందూ ఆయన తప్పు ఒప్పుకోవాలి. నన్ను మళ్ళీ పేషెంట్ల దగ్గర వెయ్యాలి. నా ఇఖామాకీ కాంట్రాక్టుకీ ఈ ఫిర్యాదుతో ముడిపెట్టకూడదు. నేను కోర్టుకి వెళ్ళను. ఇకమీదట ఆయన నన్ను పేరుతోనే పిలవాలి. వింటున్నంతసేపూ ఎక్కడో ఒక మెలిక ఉంటుందని వెతుకుతూనే ఉన్నాను. ఒప్పుకుంటే నీ ఫోన్‌కి ఓటీపీ వస్తుంది, అది చెబితే రాజీ అయిపోయినట్టే అన్నాడు. ఫోన్ మోగింది. అంకెలు వచ్చాయి.

అధికారి సూపర్‌వైజరు వైపు తిరిగాడు. "సరే, ఇక్కడే మొదలుపెట్టు. ఆమెని పేరుతో పిలువు."

సూపర్‌వైజరు నా వైపు చూశాడు. ఆయన కళ్ళు నా గుండెల మీద బ్యాడ్జి ఉండేచోట వెతికాయి. నేను డ్యూటీలో లేను. నల్లటి అబాయా మీద ఏ బ్యాడ్జీ లేదు. "సిస్టర్..." అన్నాడు. ఆగాడు. ముదీర్ నా పేరు చూడ్డానికి ఫైలు తెరవబోతే అధికారి చేత్తో వారించాడు. ఈమె నీ కింద ఎన్నాళ్ళుగా పనిచేస్తోంది అని అడిగాడు. మూడేళ్ళు అన్నాడు సూపర్‌వైజరు తల దించుకుని.

పేరు అందించి ఆ ఇబ్బంది దాటించడం నాకు చిటికెలో పని. మా నర్సులకి అది వృత్తి అలవాటు, ఎవరైనా తడబడితే చెయ్యి అందించేస్తాం. అందించలేదు.

"అయితే ఆమెనే అడుగు" అన్నాడు అధికారి.

సూపర్‌వైజరు గొంతు సవరించుకున్నాడు. ఇన్నాళ్ళూ అరే అనీ తూ అనీ మాట్లాడిన మనిషి "ఆప్ కా నామ్ క్యా హై?" అన్నాడు. మీ పేరేమిటండీ అని.

చెప్పాను. మా నాన్న ఇంటిపేరుతో సహా చెప్పాను. ఒకసారి అన్నాడు, తప్పు పలికాడు. కాదన్నాను. మళ్ళీ అన్నాడు. ఈసారి సరిగ్గా వచ్చింది. అప్పుడు ఫోన్ చూసి ఓటీపీ చదివాను.